తెలియని గడిని నింపకండి

సెప్టెంబర్‌లో ఒక సోమవారం రాత్రి, టైం పదిన్నర. నా రూమ్మేట్ కెటిల్‌లో చేసుకున్న మ్యాగీ తింటూ, అప్పటిదాకా సైలెంట్‌లో ఛార్జింగ్‌కి పెట్టిన ఫోన్ అందుకుంది. వాళ్ళమ్మవి పదిహేడు మిస్డ్ కాల్స్. కంగారుగా తిరిగి చేసింది. అవతలి నుంచి ముందు ఏడుపే వినిపించింది.

"ఎక్కడున్నవ్ బిడ్డా?"

"రూంలనే ఉన్న అమ్మా! ఏమైంది?"

తొమ్మిదింబావుకు మా హాస్టల్ యాప్ నుంచి వాళ్ళింటికి ఒక మెసేజ్ వెళ్ళిందట. 'మీ అమ్మాయి అనుమతి గడువు ముగిసినా హాస్టల్‌కు చేరలేదు. వెంటనే వార్డెన్‌ను సంప్రదించండి' అని. కూతురు ఫోన్ ఎత్తదు, వార్డెన్ ఫోన్ ఎంతసేపు చేసినా బిజీ. వాళ్ళ నాన్న ఇక ఆగలేక అచ్చంపేట నుంచి బైక్ మీద బయల్దేరిపోయాడు. మేం ఆయనతో మాట్లాడగలిగేసరికి ఆమనగల్లు దాటేశాడు. రాత్రిపూట, ఆ హైవే మీద, ఒక్కడే.

ఆ రాత్రి అలాంటి మెసేజ్‌లు ఇరవైమూడు ఇళ్ళకు వెళ్ళాయి. ఇరవైమూడు మందీ ఎనిమిదిన్నరకల్లా హాస్టల్‌లోనే ఉన్నారు. వార్డెన్ మేడమ్ ఫోన్ బిజీగా ఉండటానికి కారణం మిగతా ఇరవైరెండు ఇళ్ళ వాళ్ళు.

ఆ మెసేజ్‌లు వెళ్ళడానికి మొదటి కారణం నేను. నేను చేసిన పని వింటే "ఇందులో ఏముంది?" అనిపిస్తుంది. అనువాదాల కీలకు మెటాడేటా నింపమని ఒక ఏఐ ఏజెంట్‌కు చెప్పా. అంతే. ఆ 'అంతే' గురించే ఈ వ్యాసం.

మెకానికల్, సివిల్ మిత్రుల కోసం ముందు కొంచెం వివరం. మా హాస్టల్ యాప్‌ను సీనియర్లు ఫ్లట్టర్‌లో రాశారు. మెస్ ఫిర్యాదులు, గది రిపేర్లు, ఔటింగ్ అనుమతులు అన్నీ అందులోనే. మన ఫోన్లలో ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ కాక వాడే ట్యాబ్‌లో, మెస్ వాళ్ళ ఫోన్లలో తెలుగులో కనిపిస్తుంది. తెరమీద కనిపించే ప్రతి మాటకూ కోడ్‌లో ఒక పేరు ఉంటుంది. దాన్నే కీ అంటాం. ఒక్కో కీకి ఇంగ్లిష్‌లో ఒక మాట, తెలుగులో ఒక మాట జతచేస్తాం. మా యాప్‌లో అలాంటి కీలు ఆరొందల పైచిలుకు ఉన్నాయి.

కీ వెంట ఇంకొన్ని సంగతులు కూడా ఉంటాయి. ఈ మాట ఏ తెర మీద వస్తుంది, బటనా శీర్షికా, ఎన్ని అక్షరాలు దాటకూడదు, మధ్యలో వచ్చే ఖాళీలో పేరు పడుతుందా సంఖ్య పడుతుందా, దీన్ని ఎవరైనా సరిచూశారా. ఇవన్నీ మెటాడేటా. వీటిలో ముఖ్యమైనది వివరణ, అంటే డిస్క్రిప్షన్. అనువాదం చేసేవాళ్ళకు తెర కనిపించదు, ఆ గడి మాత్రమే కనిపిస్తుంది. వాడేవాళ్ళకు మెటాడేటా అస్సలు కనిపించదు. అందుకే అందరూ ఖాళీగా వదిలేస్తారు. మా యాప్‌లో 612 కీలకు వివరణ గడి ఖాళీ.

ఈ ఏడాది యాప్ బాధ్యత నాకు వచ్చింది. జూనియర్లు అనువాదాలు చూస్తామని ముందుకొచ్చారు. వాళ్ళకు వివరణలు లేకపోతే ఎలా అని నేనే అనుకున్నా. మిడ్స్ దగ్గర పడ్డాయి. 612 గడులు చేత్తో నింపే ఓపిక ఎవరికుంది? మేం వాడే అనువాద వేదికకు ఏజెంట్‌ను తగిలించే సౌకర్యం ఉంది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక ఇలాంటి తగిలింపులు చాలా సులువయ్యాయి. ఏజెంట్‌కు ఒక టూల్ ఇస్తాం. కీల జాబితా, ఒక్కో కీకి పెట్టాల్సిన వివరణ, ట్యాగులు, అక్షరాల పరిమితి ఆ టూల్‌కు ఇస్తే ఒక్క దెబ్బకు వందల కీలు మారిపోతాయి. నేను ఒక్క వాక్యం టైప్ చేశా: ఖాళీగా ఉన్న వివరణలన్నీ నింపు, తెరలవారీగా ట్యాగులు పెట్టు, అనువాదాలు మాత్రం ముట్టుకోకు.

టీ తాగి వచ్చేసరికి జవాబు సిద్ధం. 'మారినవి 612. విఫలమైనవి 0.'

ఆ సున్నా చూసి నేను ల్యాప్‌టాప్ మూసేశా. విఫలమైనవి సున్నా అంటే 612 గడుల్లోనూ ఏదో ఒకటి రాయగలిగాం అని అర్థం. రాసింది నిజమా కాదా అన్నది ఆ టూల్ లెక్కలోనే లేదు. నేను మాత్రం ఆ రెంటినీ ఒకటే అనుకున్నా.

ఏం జరిగిందో తర్వాత మార్పుల చరిత్ర తీసి ఒక్కొక్కటీ చూశా. గేటు ట్యాబ్‌లో రెండు పెద్ద బటన్లు ఉంటాయి. ఒకటి బయటికి వెళ్ళేటప్పుడు కాక నొక్కేది, రెండోది వచ్చేటప్పుడు నొక్కేది. రెండోదాని కీ పేరు 'బటన్ రిటర్న్'. ఇంగ్లిష్ మాట 'రిటర్న్'. తెలుగు 'లోపలికి వచ్చింది'. ఏజెంట్‌కు నేను అనువాద వేదిక మాత్రమే చూపించా, కోడ్ చూపించలేదు. దానికి తెలిసిందల్లా కీ పేరు, ఇంగ్లిష్ మాట. 'రిటర్న్' అనే బటన్ మామూలు యాప్‌లలో ఎందుకుంటుంది? వెనక్కి వెళ్ళడానికి. కాబట్టి ఏజెంట్ చక్కని ఇంగ్లిష్‌లో రాసింది: వాడుకరిని ముందటి తెరకు తీసుకెళ్ళే బటన్ అని. తప్పే అయినా, అంత తెలివితక్కువ ఊహ అనలేం. మీరైనా, నేనైనా అదే ఊహించేవాళ్ళం.

రెండో సంగతి ట్యాగుల్లో జరిగింది. ఆ కీకి అంతకుముందే ఒక ట్యాగ్ ఉంది: 'గేటు దగ్గర చూశాం' అని. ట్యాగులు మార్చేటప్పుడు పాతవాటికి కొత్తవి కలపాలా, పాతవి తీసేసి కొత్తవి పెట్టాలా అన్నది చిన్న ఆప్షన్. నేను చెప్పలేదు, ఏజెంట్ అడగలేదు. పాత ట్యాగ్ పోయి 'నావిగేషన్' అనే కొత్త ట్యాగ్ వచ్చి కూర్చుంది.

శనివారం ఒక జూనియర్ చెల్లి వరసగా అనువాదాలు సరిచూస్తూ ఈ కీ దగ్గరకు వచ్చింది. ఇంగ్లిష్ 'రిటర్న్'. వివరణ చూస్తే ముందటి తెరకు తీసుకెళ్ళే బటన్. ట్యాగ్ నావిగేషన్. తెలుగు చూస్తే 'లోపలికి వచ్చింది'. ఎవరో పొరపాటున ఇంకో వాక్యం ఇక్కడ పేస్ట్ చేశారనుకుంది. శ్రద్ధగా దిద్దింది. 'వెనక్కి' అని పెట్టింది. వివరణ ప్రకారం అది నూటికి నూరుపాళ్ళు సరైన అనువాదం. సోమవారం కొత్త వెర్షన్ ట్యాబ్‌లోకి వెళ్ళింది.

ఆ సాయంత్రం కాకకు రెండు బటన్లు కనిపించాయి. 'బయటికి వెళ్ళింది', 'వెనక్కి'. ఆయన రెండోది నొక్కలేదు. మర్నాడు పొద్దున్న వెళ్ళి అడిగితే అన్నాడు: "గది ఎనక్కి అని సూపిస్తుంది బిడ్డా. ఒత్తితే యాడికి పోతదో ఏమోనని ఒత్తలే. బుక్కుల రాసిన సూడు." నిజంగానే పాత రిజిస్టర్‌లో ఇరవైమూడు పేర్లూ, వచ్చిన టైంతో సహా, వరసగా రాసి ఉన్నాయి. రాత్రి వార్డెన్ మేడమ్ ఒక్కో ఇంటికి ఫోన్ చేసి మీ అమ్మాయి లోపలే ఉందని చెప్పగలిగింది ఆ రిజిస్టర్ చూసే.

ఈ గొలుసులో తెలివితక్కువ వాళ్ళు ఎవరూ లేరు. అనువాదాన్ని ఏజెంట్ ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు, చెప్పినట్టే చేసింది. చెల్లి చేతిలో ఉన్న వివరణను నమ్మింది, నమ్మడానికే కదా అది ఉంది. కాక తెలియని బటన్ నొక్కలేదు. తప్పు చేసింది నేను. ఎవరికీ కనిపించని గడులే కదా, ఏం రాస్తే ఏమవుతుందిలే అనుకున్నా.

నేను చెప్పదలచుకున్నది ఇదే: ఖాళీ వివరణ కంటే ధీమాగా రాసిన తప్పు వివరణ ఎక్కువ ప్రమాదం. గడి ఖాళీగా ఉంటే చెల్లి నన్ను అడిగేది. "అక్కా, ఈ రిటర్న్ ఏంటి?" అని గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టేది. నాకూ తెలియకపోతే నేను సీనియర్ అక్కను అడిగేదాన్ని. గడి నిండేసరికి అడగాల్సిన అవసరమే లేదనిపించింది. 612 గడుల్లో ఎన్ని ప్రశ్నలు ఇలా పుట్టకుండానే పోయాయో నేను చెప్పలేను.

దీనికి మా టీంలోనే మూడు అభ్యంతరాలు వచ్చాయి. మూడూ ఆలోచించదగ్గవే.

మొదటిది: ఏజెంట్‌కు కోడ్ చూపించి ఉంటే సరిగ్గా రాసేది కదా? రాసేది. నేను పరీక్షించి చూశా. కోడ్ చదవనిచ్చి మళ్ళీ అడిగితే, ఈ బటన్ విద్యార్థిని హాస్టల్‌కు చేరినట్టు నమోదు చేస్తుందని సరిగ్గానే రాసింది. కాబట్టి ఏజెంట్ చేతికి పని ఇచ్చేవాళ్ళు కోడ్ కూడా ఇవ్వాలి, అందులో సందేహం లేదు. అయితే ఆ వివరణ చదివి మంచి అనువాదకురాలు ఏం రాస్తుంది? 'తిరిగి వచ్చింది' అని రాస్తుంది. నిరుడు మా సీనియర్ అక్క కూడా మొదట అదే పెట్టింది. ట్యాబ్ తీసుకెళ్ళి గేటు దగ్గర చూపిస్తే కాక నవ్వాడట. "తిరిగొచ్చింది అంటే ఊరంత తిరిగొచ్చిందనా బిడ్డా? ఆడపిల్లల పేర్ల పక్కన గట్ల పెడ్తరా?" అన్నాడట. అక్క అక్కడికక్కడే 'లోపలికి వచ్చింది' అని మార్చి, 'గేటు దగ్గర చూశాం' అనే ట్యాగ్ తగిలించింది. ఈ సంగతి కోడ్‌లో ఎక్కడుంది? ఏ ఫైల్‌లో వెతికితే దొరుకుతుంది? అక్క బుర్రలో ఉంది, కాక బుర్రలో ఉంది. మూడో చోట ఉండాల్సింది వివరణ గడిలో. అక్క రాయలేదు, డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్ళిపోయింది. నేను వెళ్ళి అడగలేదు. ఆ ఖాళీలో ఏజెంట్ తన ఊహ రాసింది.

సాహిత్య క్లబ్ వాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. 'పాలు' అంటే గేదె ఇచ్చేవా, ఆస్తిలో వచ్చేవా? 'అన్న' అంటే తోబుట్టువా, లేక 'అని చెప్పిన' అనా? వాక్యం లేకుండా ఎవరూ చెప్పలేరు. పద్యానికి తాత్పర్యం చెప్పేటప్పుడు ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటున్నారో ముందు చెప్పమని బడిలో మాస్టార్లు ఎందుకు పట్టుబట్టేవారో నాకిప్పుడు అర్థమైంది. యాప్‌లో మాటలన్నీ సందర్భం తెగిపోయిన మాటలే. ఒక్కో మాట ఒక్కో గడిలో విడిగా కూర్చుని ఉంటుంది.

పైగా ఇంగ్లిష్‌కు అక్కర్లేని సంగతులు కొన్ని తెలుగుకు తప్పనిసరి. మా యాప్‌లో 'ఫలానావారు మీ అభ్యర్థనను అప్రూవ్ చేశారు' అనే అర్థంతో రెండు కీలున్నాయి. ఇంగ్లిష్‌లో రెండూ ఒకటే వాక్యం. ఒకచోట ఆ ఫలానావారు వార్డెన్ మేడమ్. 'మంజూరు చేశారు' అనాలి. ఇంకోచోట గది మార్చుకోవడానికి ఒప్పుకున్న క్లాస్‌మేట్. 'ఒప్పుకుంది' అనాలి. రెండుచోట్లా 'మంజూరు చేసింది' అని పెడితే మేడమ్‌కు మర్యాద తగ్గుతుంది, క్లాస్‌మేట్‌కు లేని అధికారం వస్తుంది. అలాగే ఖాళీలో పేరు పడే చోట విభక్తి. స్వాతికి అంటాం, సుజాతకు అంటాం. స్వాతిని, సుజాతను. ఏ పేరు వస్తుందో తెలియనప్పుడు వాక్యాన్నే మార్చి రాసుకోవాలి. అలా రాయాలంటే ఆ ఖాళీలో పడేది మనిషి పేరా, గది నంబరా అన్నది వివరణలో ఉండాలి.

రెండో అభ్యంతరం: మనుషులు కూడా తప్పులు రాస్తారు కదా? రాస్తారు, నేనే రాస్తా. అయితే తెలియని కీ ఎదురైతే మనిషి మామూలుగా బద్ధకిస్తాడు, గడి వదిలేస్తాడు. ఆ బద్ధకం ఇక్కడ మనకు మేలే చేస్తుంది, ఎందుకంటే తెలియనిది తెలియనట్టే కనిపిస్తుంది. 'ఖాళీలన్నీ నింపు' అని చెప్పిన ఏజెంట్ మాత్రం తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ ఒకే గొంతుతో, ఒకే పొడవు వాక్యంతో నింపుతుంది. చదివేవాళ్ళకు తేడా తెలిసే దారి లేదు. మనిషి తప్పుగా రాస్తే 'ఇలా ఎందుకు రాశావ్?' అని ఆమెను అడగొచ్చు. ఆ వివరణలు ఎందుకు రాశావని ఏజెంట్‌ను తర్వాత అడిగితే, నాకు ఇంకో చక్కని వివరణ వచ్చింది.

మూడోది: ఇలా అయితే పనెప్పుడు తెముల్తుంది? బల్క్ అప్‌డేట్ వద్దంటున్నావా? వద్దనడం లేదు. మెటాడేటా అంతా ఒకటే రకం కాదంటున్నా. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి, కోడ్ చూస్తే తేలిపోయేది. ఏ కీ ఏ ఫైల్‌లో వాడారు, ఎన్నిచోట్ల వాడారు, ఖాళీలో పడేది అంకెనా పదమా, ఎక్కడా వాడని కీలేవి, తెరవారీగా ట్యాగులు. ఇవి ఏజెంట్‌కే ఇవ్వాలి. మనకంటే త్వరగా, అలిసిపోకుండా చేస్తుంది, తప్పుంటే కోడ్‌తో పోల్చి పట్టుకోవచ్చు. రెండోది, ఉద్దేశం. ఈ మాట ఎవరు చదువుతారు, ఏ పరిస్థితిలో, చదివి ఏం చేయాలి, ఇంతకుముందు ఏ మాట పెడితే ఎందుకు కుదరలేదు. ఇది తెలిసినవాళ్ళే రాయాలి.

మొదటి రకంలో కూడా కళ్ళు మూసుకోకూడదు. అక్షరాల పరిమితి తీసుకోండి. ఇంగ్లిష్ మాట పొడవు చూసి ఏజెంట్ చాలా బటన్లకు పది అని పెట్టేసింది. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు: స, విరామం, త, విరామం, ర, గుడి దీర్ఘం. పది పరిమితి పెడితే రెండు వత్తులున్న మాట కూడా కష్టంగా పడుతుంది. తెర మీద చోటున్నా వేదిక ఎర్ర గీత గీస్తుంది. అది చూసి చెల్లెళ్ళు మంచి మాట తీసేసి పొట్టి మాట పెట్టారు. అంకె సరైనదే, లెక్క మాత్రం మన లిపిది కాదు.

వివరణ రాయడం మేమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. గ్నూ గెట్‌టెక్స్ట్ ఫైళ్ళలో ఒకే ఇంగ్లిష్ మాటకు వేరే సందర్భాలుంటే విడివిడిగా చూపించడానికి ప్రత్యేకమైన చోటుంది, కోడ్ రాసినవాళ్ళు అనువాదకులకు రాసే వ్యాఖ్యలకు ఇంకో చోటుంది. తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఒక్కో సందేశానికి వివరణ రాయడానికి 'క్యూక్యూక్యూ' అని ఏకంగా ఒక ఉత్తుత్తి భాషనే పెట్టుకున్నారు. ఇంగ్లిష్‌కు ఒక ఫైల్, తెలుగుకు ఒక ఫైల్ ఉన్నట్టే సందర్భానికి ఒక ఫైల్. కొత్త సందేశం చేర్చిన డెవలపరే ఆ ఫైల్‌లో కూడా రాయాలి. సందర్భాన్ని కూడా ఒక భాషలా చూడటం నాకు చాలా నచ్చింది.

మన ఫ్లట్టర్‌లో కూడా ఆ వీలుంది. ఏఆర్‌బీ ఫైల్‌లో ప్రతి కీ కింద అదే పేరుకు ముందు '@' పెట్టి వివరణ రాయొచ్చు. 'రిక్వైర్డ్ రిసోర్స్ ఆట్రిబ్యూట్స్' అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఆ '@' భాగం లేని కీని అది ఒప్పుకోదు. మేం ఇప్పుడు ఆన్ చేశాం. కానీ అది భాగం ఉందా లేదా అనే చూస్తుంది, అందులో రాసింది నిజమా కాదా అని చూడదు. ఏజెంట్‌తో ఉత్త మాటలు నింపించి ఆ తనిఖీ దాటడం నిమిషం పని. 'సేవ్ బటన్ మీద కనిపించే సేవ్ అనే మాట' అనే రకం వివరణలు మా 612లో బోలెడు. తప్పు కాదు, కానీ చదివినవాళ్ళకు ఒరిగేదేం లేదు.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామో చెప్తా. మీ క్లబ్ యాప్‌కో, మీరు చేయి కలిపిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కో పనికొస్తే తీసుకోండి.

బల్క్ అప్‌డేట్‌కు ముందు కీలన్నిటినీ మెటాడేటాతో సహా ఒక ఫైల్‌లోకి దించుకుంటున్నాం. ఏజెంట్ నేరుగా రాయదు. ముందు పాతది ఒక వరసలో, కొత్తది పక్క వరసలో పెట్టి పట్టిక ఇస్తుంది. మేం చూశాకే రాస్తుంది. ఒకసారికి యాభై కీలకు మించి ఇవ్వం, ఎందుకంటే యాభై దాటితే మేం చూసినట్టు నటిస్తాం. ట్యాగులు కలపాలే తప్ప తీసేయకూడదని ముందే చెప్తాం. మనిషి సరిచూసినట్టు ట్యాగ్ ఉన్న కీ జోలికి అసలు వెళ్ళకూడదు.

అన్నిటికంటే ఉపయోగపడింది ఒక చిన్న మార్పు. 'ఖాళీలు నింపు' అనడం మానేసి, 'ఏ కీకి వివరణ రాయడానికి నీ దగ్గర ఆధారం లేదో ఆ కీలకు ప్రశ్నలు రాయి' అని అడుగుతున్నాం. ఏజెంట్ ఇందులో నిజంగా బాగా పనికొచ్చింది. 'ఈ క్లియర్డ్ అన్నది మెస్ బాకీ గురించా, గది ఖాళీ చేయడం గురించా?' అని అడిగింది. రెండూ. ఒకే కీని రెండుచోట్ల వాడారు. మెస్ బాకీ కట్టిన అమ్మాయి తెర మీద 'ఖాళీ చేశారు' అని ఇన్నాళ్ళూ వస్తోందని అప్పుడు తెలిసింది. జవాబులు చెప్పే ఏజెంట్ కంటే ప్రశ్నలు అడిగే ఏజెంట్ మాకు ఎక్కువ పని చేసిపెట్టింది.

ఆ ప్రశ్నలు పట్టుకుని మెస్ దగ్గరికి, గేటు దగ్గరికి, ఎలక్ట్రీషియన్ అన్న దగ్గరికి వెళ్తున్నాం. ఆయన 'రిజాల్వ్డ్' అన్న బటన్‌కు మేం పెట్టిన 'పరిష్కరించబడినది' చూసి, "పనైపోయింది అని పెట్టుండ్రమ్మా, గిదంత ఎందుకు" అన్నాడు. పెట్టేశాం. ఎందుకు పెట్టామో వివరణలో రాశాం.

రూమ్మేట్ వాళ్ళ నాన్న ఆ రాత్రి వెనక్కి తిరగలేదు. ఇంత దూరం వచ్చా, చూసే పోతానన్నాడు. పన్నెండు దాటాక గేటు దగ్గర కూతుర్ని చూసి, ఒక మాటైనా అనకుండా, కాక ఇచ్చిన మంచినీళ్ళు తాగి ఆఫీసు గదిలో బెంచీ మీద పడుకుని పొద్దున్నే వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి జరిగింది చెప్పి, సారీ అంకుల్ అన్నా. "మిషిన్ తప్పు చేసింది, నువ్వేం చేస్తవ్ బిడ్డా" అన్నాడు. కాదని చెప్పలేకపోయా. అది ఇక్కడ చెప్తున్నా.

'బటన్ రిటర్న్' కీ వివరణ ఇప్పుడు ఇలా ఉంది: గేటు దగ్గర వాచ్‌మన్ నొక్కే బటన్. అమ్మాయి హాస్టల్ లోపలికి వచ్చాక నొక్కుతారు. నొక్కకపోతే గడువు దాటాక ఇంటికి మెసేజ్ వెళ్తుంది. 'తిరిగి' అనే మాట వాడొద్దు, ఊరు తిరిగి వచ్చిందన్న అర్థం వస్తోందని వాచ్‌మన్ చెప్పారు. మార్చాలనుకుంటే ముందు గేటు దగ్గర చూపించండి.

ఏజెంట్ రాసిన వివరణలన్నీ తీసేసి గడులు మళ్ళీ ఖాళీ చేశాం. 612లో ఇప్పటికి 270 మేమే నింపాం. 342 ఇంకా ఖాళీగా ఉన్నాయి, కావాలనే ఉంచాం. ఆదివారాల్లో సాయంత్రం నాలుగింటికి క్లబ్ గదిలో కూర్చుంటున్నాం. కోడింగ్ రాకపోయినా పర్లేదు. ఆ మాటలు రోజూ చదివేవాళ్ళతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడగలిగితే చాలు, రండి.